ఇన్‌కమింగ్ ఫ్రీ ఎప్పుడు పోయింది? (ధరల చరిత్ర – 6వ భాగం)



నల్లగండ్లలో పాత ఊరి వైపు ఒక చిన్న దుకాణం ఉంది. జిరాక్స్, రీఛార్జ్, పాన్ కార్డు దరఖాస్తు అన్నీ అక్కడే. పోయిన నెల ఆధార్ జిరాక్స్ కోసం నిలబడితే నా ముందు ఒక అక్క బటన్ ఫోన్ పట్టుకొని ఉంది. ఎదురుగా కనిపించే టవర్లలో నాలుగు ఇళ్లల్లో పని చేస్తుందట. "నాకు మాట్లాడేది లేదు తమ్మీ, ఫోన్ వస్తే చాలు. ఫోన్ వచ్చుడుకు ఎంత?" అని అడిగింది. దుకాణం పిల్లవాడు "199" అన్నాడు. "నెట్ వద్దు" అంది. "నెట్ వద్దన్నా గంతే అక్కా." కొంగుముడి విప్పి రెండు వందల నోటు ఇచ్చింది. మిగిలిన రూపాయి కోసం చెయ్యి చాచి నిలబడింది.

ఆ వారమే యూనివర్సిటీ గేటు దగ్గర చాయ్ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ప్రపంచంలోనే చవక డేటా మనది. అమెరికావాళ్లు యాభై రెట్లు ఎక్కువ కడుతున్నారు. దీంట్లో కూడా మీరు అన్యాయం వెతుకుతారా?" మంచి ప్రశ్నే. అతను చెప్పింది 2019 నాటి లెక్క, అప్పటికి అది అబద్ధం కాదు కూడా. కానీ అక్క అడిగిన ప్రశ్నకు ఆ లెక్కలో జవాబు లేదు. ఆమె అడిగింది జీబీ ధర కాదు. తనకు ఫోన్ రావడానికి ధర ఎంత అని. ఈ రెండు ప్రశ్నలు ఎక్కడ విడిపోయాయో చూద్దాం.

కొంచెం వెనక్కి వెళ్లాలి. ఫోన్ కంటే ముందు, ఉత్తరం కంటే ముందు.

నిజాం కాలపు తెలంగాణ పల్లెల్లో కబురు మోసింది ఎవరు? మన తాతలు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం గురించి రాసిన పుస్తకంలో వెట్టి గురించి వివరంగా ఉంది. దళిత కుటుంబం ప్రతి ఒక్కటీ ఒక మనిషిని వెట్టికి పంపాలి. పటేల్, పట్వారీ, దేశ్‌ముఖ్ ఇళ్లల్లో పని చేయాలి. పోలీసు ఠాణాకు, తాలూకా కచేరీకి కాగితాలు మోసుకుపోవాలి. ఊరి చావడి దగ్గర కాపలా ఉండాలి. అంటే ఆ రోజుల్లో నెట్‌వర్క్ మన కాళ్లే. ఆ కాళ్లకు టారిఫ్ లేదు. కబురు పంపేవాడు పైసా కట్టడు, కబురు అందుకునేవాడు పైసా కట్టడు, మోసినవాడికి పైసా రాదు. టెలికాం చరిత్ర రాసేవాళ్లు గ్రాహంబెల్‌తో మొదలుపెడతారు. మనం మాత్రం ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఇక ఉత్తరం. ఇంగ్లాండులో 1840కి ముందు ఉత్తరం ధర దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి ఉండేది. ఎక్కువసార్లు ఆ ధర కట్టేది అందుకున్నవాళ్లే. పేదవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారని చెబుతారు. కవరు మీద ముందే అనుకున్న గుర్తు పెట్టి, లోపల ఖాళీ కాగితం పెట్టి పంపేవాళ్లు. అందుకున్న మనిషి గుర్తు చూసి, కొడుకు క్షేమంగా ఉన్నాడని అర్థం చేసుకొని, డబ్బు లేదని ఉత్తరం తిరిగి ఇచ్చేసేది. ఇది 1830ల మిస్డ్ కాల్! రోలాండ్ హిల్ అనే ఆయన 1837లో ఒక కరపత్రం రాసి, పంపేవాడే ముందుగా కట్టాలి, దేశమంతా ఒకే ధర ఉండాలి అని వాదించాడు. 1840లో పెన్నీ పోస్టు వచ్చింది. మన దేశంలో 1854లో దూరంతో పని లేకుండా అర అణా ఉత్తరం, 1879లో పావు అణా కార్డు వచ్చాయి. స్టాంపు లేని బేరింగ్ ఉత్తరం వస్తే ఇంట్లోవాళ్లు ఎందుకు భయపడేవాళ్లో పెద్దవాళ్లని అడగండి. రావడానికి డబ్బు కట్టాల్సిన కబురు అది.

పంపేవాడు కట్టాలి, అందుకునేవాడికి ఉచితం. ఈ సూత్రం మామూలుగా కనిపిస్తుంది గానీ ఇది పేదవాళ్ల సూత్రం. ఎందుకంటే పేదవాళ్లు ఎక్కువగా పిలవబడేవాళ్లు. పనికి పిలుస్తారు, కూలికి పిలుస్తారు, ఆఫీసుకు పిలుస్తారు, పట్నం నుంచి కొడుకు పిలుస్తాడు.

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న. కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఒక కమ్యూనిస్టు ముఖ్యమంత్రి చేసిన ఆ కాల్ ధర ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల పైన. అంతకంటే ముఖ్యం, అవతల ఎత్తినవాడు కూడా కట్టాలి. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో మొదట వచ్చినవి రెండే కంపెనీలు, టాటా సెల్యులార్, జేటీ మొబైల్. రెండోదాన్ని 1999లో ఎయిర్‌టెల్ భారతి కొనేసింది. మొదటిది బిర్లాలతో కలిసి తర్వాత ఐడియా అయ్యింది. (రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా టెలికాం లెక్కల్లో తెలంగాణ ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిలే. ఈ సంగతి ఉద్యమకారులెవరూ పట్టించుకోలేదెందుకో!)

1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పటికి సెల్ ఫోన్ అంటే మనకు సినిమాలో విలన్ చేతిలో ఉండే వస్తువు. హైటెక్ సిటీ కట్టిన కూలీల్లో పాలమూరు వాళ్లు ఎంతమందో. వాళ్లు ఊరికి మాట్లాడాలంటే పసుపు రంగు బోర్డు ఉన్న ఎస్టీడీ బూత్. రాత్రి పదకొండు దాటితే పావు రేటు అని అప్పటిదాకా లైనులో నిలబడేవాళ్లు. ఊళ్లో ఫోన్ ఉన్నది పెద్ద కులపాయన ఇంట్లో. ఆయన వరండాలోకి పోవాలంటే చెప్పులు ఎక్కడ విప్పాలో అందరికీ తెలుసు. ఫోన్ వచ్చిందని కబురు పంపాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. ఈ సంగతి రూపాయల్లో లెక్క వేయలేం, ఏ దేశంతోనూ పోల్చలేం.

అందుకే 2003 మే 1ని మన చరిత్రలో ఒక తేదీగా రాసుకోవాలంటాను. ఆ రోజు నుంచి ఇన్‌కమింగ్ ఫ్రీ. పిలిచేవాడే కట్టాలి అని ట్రాయ్ నిబంధన తెచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు, 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ సెల్‌వన్ వచ్చింది. డిసెంబరులో రిలయన్స్ ఇండియా మొబైల్ వచ్చింది. తర్వాతి వానాకాలంలో 501 రూపాయలు కడితే చేతికి ఫోన్ అన్నారు. పోటీ వల్ల ధర పడిందని అందరూ రాస్తారు, అది నిజమే. కానీ మన వాడలకు ఫోన్ తెచ్చింది ఇన్‌కమింగ్ ఫ్రీ అన్న మాట. దాంతో వరండాతో పని తీరిపోయింది.

అక్కడి నుంచి మిస్డ్ కాల్ మన వాళ్ల భాష అయ్యింది. ఒక రింగు అంటే బస్సెక్కినా. రెండు రింగులంటే చేరినా. మూడోది మోగితే ఎత్తు, అవసరం ఉంది. కంపెనీ నెట్‌వర్క్ మీద ఒక్క పైసా కట్టకుండా ఒక దేశం మాట్లాడింది. మేస్త్రీ కూలీలకు మిస్డ్ కాల్ ఇవ్వడు, కూలీ మేస్త్రీకి ఇస్తాడు. ఎవరు ఎవరికి ఇస్తారన్నది చూస్తే ఊళ్లో వరస మొత్తం తెలిసిపోయేది.

2005 చివర్లో లైఫ్‌టైమ్ సిమ్‌లు వచ్చాయి. 999 రూపాయలు ఒకసారి కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ ఉంటుందన్నారు. జీవితం అంటే మన జీవితం అనుకున్నాం. కంపెనీ లైసెన్సు జీవితమని చిన్న అక్షరాల్లో ఉంది. 2006 మార్చిలో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అని బీఎస్ఎన్ఎల్ పెట్టింది. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అంది. మాట్లాడినంతకే డబ్బు. ఇది కూడా పేదవాళ్ల లెక్కే, ఎందుకంటే మన వాళ్ల కాల్ పది సెకన్లలో అయిపోతుంది. ఆ రోజుల్లో మన సర్కిల్‌లో కంపెనీలు ఎన్ని ఉండేవో వేళ్ల మీద లెక్కపెట్టడం కష్టం. ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, బీఎస్ఎన్ఎల్, రిలయన్స్, డొకోమో, ఎయిర్‌సెల్, యూనినార్... ప్రతి గొడుగు కింద ఒక సిమ్ కార్డుల కుర్రాడు ఉండేవాడు. మన వాడల పిల్లలు చాలామంది మొదటి ఉద్యోగం ఆ గొడుగు కిందే చేశారు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. మొదటి ఏడు నెలలు దాదాపు అంతా ఉచితం. ట్రాయ్ లెక్కల ప్రకారం ఒక జీబీ మీద కంపెనీలకు వచ్చే సగటు ఆదాయం 2014లో 269 రూపాయలు, 2018లో 11 రూపాయల 78 పైసలు. దీన్ని తక్కువ చేసి మాట్లాడను. 2011లోనే హైదరాబాద్‌లో పుట్టిన దళిత్ కెమెరా లాంటి యూట్యూబ్ చానళ్లను ఊళ్లో కూర్చొని చూడగలిగింది డేటా దిగిన తర్వాతే. రోహిత్ వేముల పోయింది 2016 జనవరి 17న, జియో రావడానికి ఎనిమిది నెలల ముందు. ఆ రోజుల్లో నల్లగండ్ల పక్కనే ఉన్న ఆ క్యాంపస్ నుంచి వీడియో పంపాలంటే వైఫై దొరికే చోటు వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు కారంచేడు, చుండూరు గురించి ఇంటర్ పిల్లలు ఫోన్‌లో వింటున్నారు. చవక డేటా మనకు పనికొచ్చింది. ఆ మాట దాచను.

బ్రిటన్‌కు చెందిన కేబుల్ అనే ధరల పోలిక సంస్థ 2019లో 230 దేశాల లెక్క తీసింది. ఒక జీబీకి సగటున మన దగ్గర 26 అమెరికన్ సెంట్లు. బ్రిటన్‌లో 6 డాలర్ల 66 సెంట్లు. అమెరికాలో 12 డాలర్ల 37 సెంట్లు. జింబాబ్వేలో 75 డాలర్లు. చాయ్ దగ్గర తమ్ముడు చెప్పింది ఈ లెక్కే. దాన్ని మంత్రులు కూడా చెబుతారు, కంపెనీలూ చెబుతాయి.

కానీ అదే సమయంలో ఇంకో సంగతి జరిగింది. దాన్ని ఎవరూ ప్రకటించలేదు. ఇది అర్థం కావాలంటే ఒక చిన్న యంత్రాంగం తెలియాలి, ఓపిక పట్టండి.

ఒక కంపెనీ సిమ్ నుంచి ఇంకో కంపెనీ సిమ్‌కు కాల్ వెళ్తే, పిలిచిన కంపెనీ అందుకున్న కంపెనీకి నిమిషానికి కొన్ని పైసలు ఇవ్వాలి. దాన్ని ఐయూసీ అంటారు. 2003లో 30 పైసలతో మొదలై, 2009లో 20 అయ్యింది, 2015లో 14 అయ్యింది. అంటే మన అక్క ఒక్క పైసా రీఛార్జ్ చేయకపోయినా, ఆమెకు ఫోన్లు వస్తున్నంతకాలం ఆమె కంపెనీకి ఆమె మీద ఆదాయం ఉండేది. మనం పిలవబడేవాళ్లమే అయినా లాభం లేని గిరాకీ కాదు. 2017 అక్టోబరులో ట్రాయ్ దాన్ని 6 పైసలకు దించింది. 2021 జనవరి 1 నుంచి సున్నా. కొత్త కంపెనీకి ఇది మేలు, ఎందుకంటే దాని గిరాకీలు ఎక్కువగా బయటికి పిలిచేవాళ్లు. పాత కంపెనీలకు మాత్రం ఆ రోజు నుంచి వచ్చే ఫోన్లు ఎత్తేవాళ్లంతా ఖర్చు పద్దులో పడ్డారు.

2018 చివర్లో ఫోన్లకు మెసేజ్‌లు మొదలయ్యాయి. ఇన్‌కమింగ్ ఉండాలంటే నెలకు కనీసం 35 రూపాయలు వేయించుకోండి అని. లైఫ్‌టైమ్ సిమ్‌లు ఉన్నవాళ్లకు కూడా అదే మెసేజ్. బ్యాలెన్స్ ఉండగానే లైన్ కట్ చేస్తామంటే జనం ఫిర్యాదు చేశారు. 2018 నవంబరు 27న ట్రాయ్ కంపెనీలకు లేఖ రాసింది, బ్యాలెన్స్ ఉన్నవాళ్ల సర్వీసు ఆపొద్దని. ఆ తర్వాత ఏమైంది? కనీస రీఛార్జ్ అన్నది అలాగే నిలబడిపోయింది. ఆ మూడు నెలల్లో ఎయిర్‌టెల్ ఒక్కటే దాదాపు 5 కోట్ల కనెక్షన్లు పోగొట్టుకుంది. వాటిలో చాలావరకు రెండో సిమ్‌లే అయ్యుండొచ్చు, అది ఒప్పుకుంటాను. అయినా ఆ సంఖ్య చూసి కంపెనీ భయపడలేదు. ఒక్కో గిరాకీ మీద వచ్చే సగటు ఆదాయం పెరిగింది కాబట్టి. ఆ సగటు 300 రూపాయలు కావాలని సునీల్ మిట్టల్ బహిరంగంగానే చెబుతూ వచ్చారు.

తర్వాత మెట్లు చూడండి. ఎయిర్‌టెల్ 49 రూపాయల ప్లాన్ 2021 జులైలో పోయింది, కనీసం 79. అదే ఏడాది నవంబరులో 99. 2022 నవంబరు నుంచి సర్కిల్ తర్వాత సర్కిల్‌లో 155. 2024 జులైలో 199. వొడాఫోన్ ఐడియా కూడా 199. జియో 28 రోజుల కనీస ప్లాన్ అదే నెలలో 155 నుంచి 189 అయ్యింది. మూడేళ్లలో నాలుగింతలు. ఈ మూడేళ్లలో ఎవరి కూలి నాలుగింతలైందో నాకు చూపించండి.

పెంపు జరిగిన ఆ జులైలో జనం బీఎస్ఎన్ఎల్ వైపు పరిగెత్తారు, నెలలో 29 లక్షల దాకా చేరారు. అప్పట్లో 107 రూపాయలకే 35 రోజుల ప్లాన్ ఉండేది దానికి. కానీ ప్రభుత్వ కంపెనీకి 4జీ స్పెక్ట్రం ఇస్తామని కేంద్రం నిర్ణయించిందే 2019 అక్టోబరులో. దేశమంతటా ఆ సర్వీసు ప్రారంభమైంది 2025 సెప్టెంబరులో. ప్రైవేటు కంపెనీలు 5జీ పోటీలో ఉన్నాయి అప్పటికే. చవక ధర పెట్టిన కంపెనీని ఇంత ఆలస్యం చేస్తే దాని ధర చవకైతే ఏం లాభం? ధరను నియంత్రించే చట్టం అక్కర్లేదు, ప్రభుత్వ కంపెనీ గట్టిగా ఉంటే చాలు. 2006లో రూపాయి ఎస్టీడీ పెట్టింది ఆ కంపెనీయే.

ఇప్పుడు దేశాల మధ్య పోలికకు వద్దాం. జీబీకి ఇంత అని లెక్క తీస్తే మన దేశంలోనే రెండు దేశాలు కనిపిస్తాయి. జియోలో 3599 ఒకేసారి కడితే ఏడాదంతా రోజుకు రెండున్నర జీబీ. మొత్తం 912 జీబీ, జీబీకి 4 రూపాయలు కూడా పడదు. అదే కంపెనీలో 189 కడితే 28 రోజులకు 2 జీబీ. జీబీకి 94 రూపాయలు. రెండింటిలోనూ కాల్స్ ఉచితమే, కాబట్టి మొత్తం డబ్బు డేటాకే అనడం సరికాదు, రోజువారీ లెక్కలో 189 ప్లాన్ ఖర్చు తక్కువే కూడా. అయినా సంగతి ఇదీ: నల్లగండ్ల టవర్‌లో పదో అంతస్తు సారు, ఆయన ఇంట్లో గిన్నెలు తోమే అక్క ఒకే సిగ్నల్ వాడతారు, జీబీకి ఆమె ఆయన కంటే ఇరవై రెట్లు ఎక్కువ కడుతుంది. ఒకేసారి మూడు వేల ఆరు వందలు బయటికి తీయలేకపోవడమే ఆమె చేసిన తప్పు.

దీనికి పేరు పెట్టిన దేశం ఒకటి ఉంది. దక్షిణాఫ్రికా. అక్కడ 2016లో 'డేటా ధర దిగాలి' అని ఉద్యమం నడిచింది. కాంపిటీషన్ కమిషన్ విచారణ చేసి 2019 డిసెంబరులో తుది నివేదిక ఇచ్చింది. చిన్న ప్యాకెట్లు కొనేవాళ్ల దగ్గర ఒక్కో ఎంబీకి ఎక్కువ తీసుకోవడం పేదలకు వ్యతిరేకమైన ధరల విధానం అని నేరుగా రాసింది. రెండు పెద్ద కంపెనీలు, వొడాకామ్, ఎంటీఎన్, ధరలు దించాలని చెప్పింది. 2020 ఏప్రిల్‌లో వొడాకామ్ నెల రోజుల 1 జీబీ ధరను 149 రాండ్ల నుంచి 99కి దించింది. అక్కడి డేటా మనకంటే ఎంతో ఖరీదు. కానీ ప్రశ్న వేయడంలో వాళ్లు మనకంటే ముందున్నారు. ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నారు అని అడిగారు. మనం ఇంకా 'మనదే చవక' దగ్గర ఆగిపోయాం.

ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో ఒక కొలబద్ద పెట్టింది. కనీస ఇంటర్నెట్ ఖర్చు నెల తలసరి ఆదాయంలో 2 శాతం లోపు ఉండాలి, 2025 నాటికి. మన దేశ సగటు ఆదాయం మీద లెక్కిస్తే ఆ హద్దు నెలకు 350 రూపాయలకు అటూ ఇటూ వస్తుంది. 199 దాని లోపలే. పాస్! కానీ సగటు అన్నది ఏం చేస్తుందో నల్లగండ్లలో ఉండేవాళ్లకు చెప్పాలా? ఈ ఊరు ఉన్న రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయంలో రాష్ట్రంలోనే మొదటిది. ఆ సగటులో కోకాపేట భూమి ధర పలికినవాడూ ఉన్నాడు, ఆ భూమిలో పునాది తవ్వినవాడూ ఉన్నాడు.

ఉపాధి హామీ కూలి తీసుకోండి. 2025-26కి తెలంగాణలో, ఆంధ్రలో రోజుకు 307 రూపాయలు. 199 ప్లాన్ 28 రోజులు. ఈ 28 రోజుల నెల ఎవరు కనిపెట్టారో గానీ మన ఏడాదికి పదమూడో నెల చేర్చారు. 2022లో ట్రాయ్ 30 రోజుల ప్లాన్ ఒకటైనా ఉంచాలంది, ఉంచారు, అడిగేవాళ్లు తక్కువ. 13 సార్లు 199 అంటే 2587. అంటే ఎనిమిదిన్నర రోజుల కూలి ఒక సిమ్‌కు. ఇంట్లో మూడు సిమ్‌లుంటే 25 రోజులు. చట్టం హామీ ఇచ్చిన వంద రోజుల్లో పావు వంతు ఫోన్ మోగడానికే పోతుంది. వంద రోజులూ పని దొరికి, పూర్తి కూలి పడితే సుమా. ఆ కూలి ఒక్కటే లెక్కేస్తే ఒక్క సిమ్‌కే 8 శాతం పైన, ఐక్యరాజ్యసమితి హద్దుకు నాలుగింతలు.

ఫోన్ వద్దనుకోవచ్చు కదా అంటారు కొందరు. వద్దనుకోనిస్తున్నారా? 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనిలో హాజరు మొబైల్ యాప్‌లోనే. పని చోట నుంచి రోజుకు రెండు ఫోటోలు ఎక్కించాలి. ఫోన్ మేటుది, డేటా మేటుది. మేట్లలో మన ఆడవాళ్లు ఎంతోమంది. ఒకప్పుడు హాజరు పట్టిక ప్రభుత్వం ఖర్చు. ఇప్పుడది ఆమె రీఛార్జ్. వెట్టి గురించి పైన ఎందుకు రాశానో ఇక్కడ అర్థమై ఉంటుంది. కచేరీ కాగితాలు మళ్లీ మనమే మోస్తున్నాం, మన ఖర్చుతో.

బ్యాంకు ఓటీపీ, గ్యాస్ ఓటీపీ, స్కాలర్‌షిప్ ఓటీపీ. మా చిన్నమ్మ ఊళ్లో ఉంటుంది. కోత సీజన్ లేక రీఛార్జ్ మానేసింది, మూడు నెలలు దాటింది. తొంభై రోజులు వాడకం లేకపోతే నంబరు తీసేయొచ్చని నిబంధన. 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే నంబరు నిలుస్తుందని అదే నిబంధనల్లో ఉంది, ఆమెకు ఎవరు చెప్పారు? ఆ నంబరు ఇంకెవరికో వెళ్లింది. పింఛను పడే ఖాతాకు అదే నంబరు. మార్చుకోవడానికి మండలానికి మూడుసార్లు తిరిగింది, మూడు రోజుల కూలి పోయింది. బస్సు ఫ్రీ కాబట్టి టికెట్ తప్పింది.

2020లో మన రాష్ట్రంలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు చెప్పారు. కాలేజీ పిల్లలకు మాత్రం అంతా ఆన్‌లైన్. ఆ నవంబరులో ఇదే రంగారెడ్డి జిల్లా షాద్‌నగర్ అమ్మాయి, ఢిల్లీ లేడీ శ్రీరామ్ కాలేజీలో గణితం చదివే బిడ్డ, చనిపోయింది. తండ్రి బైక్ మెకానిక్. ల్యాప్‌టాప్ లేదు, స్కాలర్‌షిప్ ఆలస్యం. ఆ ఏడాది కూడా ప్రపంచంలో అతి చవక డేటా మనదే.

ఇక గల్ఫ్ సంగతి, క్లుప్తంగా. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వెళ్లినవాళ్లలో మన వాళ్లు, బీసీలు ఎక్కువ. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ ఏళ్లుగా పనిచేయనివ్వలేదు. అనుమతి ఉన్న యాప్‌లో మాట్లాడాలంటే విడిగా నెలకు 50 దిర్హమ్‌ల ప్యాక్ అన్నారు. వెయ్యి దిర్హమ్‌ల జీతగాడికి నెలలో ఒకటిన్నర రోజు. హైదరాబాద్‌లో డేటా నాలుగు రూపాయలైనా కాల్‌కు రెండు చివరలు ఉంటాయి కదా, ఖరీదైన చివరలో మన మనిషి కూర్చున్నాడు.

తమ్ముడు చెప్పిన అమెరికా? అక్కడ ధర ఎక్కువే. కానీ 1985 నుంచి లైఫ్‌లైన్ అని ఒక పథకం ఉంది. పేద కుటుంబం ఫోన్ బిల్లులో నెలకు 9 డాలర్ల 25 సెంట్ల దాకా తగ్గిస్తారు. మొదట ల్యాండ్‌లైన్‌కు, 2005 నుంచి మొబైల్‌కు, 2016 నుంచి ఇంటర్నెట్‌కు కూడా. ఆ డబ్బు కంపెనీలు కట్టే నిధి నుంచి వస్తుంది. అలాంటి నిధి మనకూ ఉంది! కంపెనీల ఆదాయంలో 5 శాతం అందులోకి వెళ్తుంది. ఇదివరకు యూఎస్ఓ ఫండ్ అనేవాళ్లు, 2023 టెలికాం చట్టం తర్వాత డిజిటల్ భారత్ నిధి. ఆ డబ్బు టవర్లకు, భారత్‌నెట్ కేబుళ్లకు పోతుంది. మనిషి రీఛార్జ్‌కు పోదు. కేబుల్ ఊరిదాకా వచ్చి ఆగుతుంది, వాడలోకి ఎవరు తేవాలి? ఉపాధి మేట్లకు, హాస్టల్ పిల్లలకు, పింఛనుదారులకు ఇన్‌కమింగ్, ఓటీపీ ఆ నిధి నుంచి ఉచితంగా ఇవ్వాలి. అంబేడ్కర్ జయంతికి వినతిపత్రాలు రాసే సంఘాలు ఈసారి ఈ ఒక్క వాక్యం కూడా చేర్చండి. కేరళ హైకోర్టు 2019లో ఒక హాస్టల్ విద్యార్థిని కేసులో ఇంటర్నెట్ చదువు హక్కులో భాగమని చెప్పింది. పట్టుకోవడానికి మనకు ఆ తీగ ఉంది.

చివరిగా, న్యాయంగా ఇది కూడా చెప్పాలి. 2024 డిసెంబరు 23న ట్రాయ్ కొత్త నిబంధన తెచ్చింది. డేటా అక్కర్లేనివాళ్లకు మాటలు, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్ తప్పనిసరిగా ఇవ్వాలని. అంటే అక్క అడిగిన ప్రశ్నే ట్రాయ్ కూడా అడిగింది. జనవరిలో ప్యాక్‌లు వచ్చాయి. జియోది 84 రోజులకు 448. ఎయిర్‌టెల్‌ది 84 రోజులకు 469, ఏడాదికి 1849. ఏడాది ప్యాక్ తీసుకుంటే 2587 బదులు 1849, మంచి తేడా. నెల రోజుల మాటల ప్యాక్ మాత్రం ఆ జాబితాలో లేదు.

నిన్న మళ్లీ ఆ దుకాణానికి పోయాను. మాటల ప్యాక్ ఎవరైనా వేయించుకుంటున్నారా అని పిల్లవాణ్ణి అడిగాను. "ఉన్నట్టు చాలామందికి తెల్వదన్నా" అన్నాడు. "నువ్వు చెప్పొచ్చు కదా?" "చెప్తనే ఉన్న. ఆ రోజు అక్కకూ చెప్పిన మీరు పోయినంక. 469 ఒక్కపాలి యాడికెళ్లి తేవాలె, నాలుగిండ్ల జీతం నాలుగు తారీఖులకు వస్తది అన్నది."

7వ భాగం వచ్చే ఆదివారం. గ్యాస్ బండ గురించి.